బీమా పరీక్షకి అరువు సీసా

రండి, ఇలా నా పక్కకి జరిగి కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ చెబుతాను, మీరూ తలో గుప్పెడు అందుకుంటే అటు పనీ అవుతుంది, ఇటు కథా అవుతుంది.

నిన్న భోజనాల దగ్గర మా అమ్మాయీ అల్లుడూ ఆరోగ్య బీమా గురించి వాదించుకున్నారు. కట్టి తీరాలని ఆమె, కట్టేదంతా కంపెనీవాడి బొజ్జలోకే పోతుందని అతను. చివరికి ఇద్దరూ నా మొహం చూశారు. "నువ్వు సెప్పమ్మా, దానికి అంత డబ్బు పొయ్యడం దండగా కాదా?" అంది అమ్మాయి. అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. దానికి జవాబు చెప్పాలంటే సాలూరులో మా లారీ షెడ్డు దాకా వెళ్ళి రావాలి.

ఇప్పుడు అరసవల్లిలో అమ్మాయి పక్కన ఉంటున్నాం గానీ, నా వయసంతా ఆ షెడ్డు వంటింట్లోనే కరిగింది. లారీలు బాగుచేసే షెడ్డు అది. మెకానిక్కులకీ, కొండమీది ఘాటీ రోడ్డు దిగి వచ్చి బండి విప్పించుకునే డ్రైవర్లకీ మధ్యాహ్నం భోజనం వండి పెట్టడం నా ఉద్యోగం. వెనకవైపు రేకుల కింద రెండు పొయ్యిలు, ఓ పెద్ద గంజి బాన, డేగిసాలు. నేను ఎంత మూతలు పెట్టినా అన్నంలోకి డీజిలు వాసన వచ్చి చేరేది. మొదట్లో డ్రైవర్లు మొహం చిట్లించేవారు. తర్వాత అలవాటైపోయి, ఇంటికెళితే అన్నం చప్పగా ఉంటోందని చెప్పేవారు.

ఆ షెడ్డుకి పెద్ద మేస్త్రి మా అన్నయ్య. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని లోపల ఏ బేరింగు ఏడుస్తోందో వినేవాడు. ఆయనకి షుగరు ఉందని షెడ్డులో అందరికీ తెలుసు, ఒప్పుకోనిది ఆయనొక్కడే. మా ఇంటాయన అక్కడే పెయింటరు. లారీ తలకి రంగులు, తోకకి నెమళ్ళు, నంబర్లు, 'హారన్ కొట్టండి' రాతలు, అన్నీ ఆయన చేతివే. వీళ్ళిద్దరూ ఒకరినొకరు బావా అంటే బావా అనుకుంటూ రోజంతా తిట్టుకునేవారు. ఒక రోజు తిట్టుకోకపోతే నాకే కంగారుగా ఉండేది.

ఇక్కడ షెడ్డు సంగతి ఒకటి చెప్పాలి, అది లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. లారీకి అప్పుడప్పుడూ ఎఫ్.సి. చేయించాలి. అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని బ్రేకు ఇన్స్పెక్టరు చూసి రాసివ్వాలి. పాత బండి ఓనరు ఆ ఒక్క పూటకి ఏం చేసేవాడంటే, స్నేహితుడి లారీ నుంచి మంచి టైర్లు అరువు తెచ్చి బిగించేవాడు. బండి మొహానికి మా ఆయన ఇంత రంగు పులిమేవాడు. బండి పెళ్ళికొడుకులా వెళ్ళి పాసై వచ్చేది. సాయంత్రానికి ఎవరి టైర్లు వాళ్ళకి వెళ్ళిపోయేవి, అరిగిపోయిన సొంత టైర్లు మళ్ళీ ఎక్కేవి. వాటిని మావాళ్ళు 'ఎఫ్.సి. టైర్లు' అనేవారు. పెళ్ళిచూపులకి పక్కింటి సోఫా తెచ్చుకున్నా, వాచీ అడిగి పెట్టుకున్నా, మా దగ్గర అదే మాట.

మాకు తెల్లకార్డు ఉన్నన్నాళ్ళూ ఆస్పత్రి గురించి ఆలోచన లేదు, సర్కారు వైద్యం దానిమీద వచ్చేది. ఆ కార్డు ఎలా పోయిందో చెబితే నవ్వుతారు. షెడ్డు మూల ఎవరో వదిలేసి పోయిన కారు ఒకటి ఉండేది. దానికి ఇంజను సగం లేదు. మా ఆయన దాన్ని చూసి మనసు పారేసుకున్నాడు. తుక్కు ధరకి కొని, వంకాయ రంగు వేసి, అద్దంలా మెరిపించి, ఇంటి ముందు నిలబెట్టాడు. అది అంగుళం కదిలేది కాదు. ఆయన రోజూ సాయంత్రం అందులో కూర్చుని టీ తాగేవాడు. బండి కాగితాలు మాత్రం శ్రద్ధగా తన పేరుకి మార్పించుకున్నాడు. సొంత కారున్న ఇల్లని సర్కారువారు మా కార్డు తీసేశారు. కదలని కారు మా కార్డుని మాత్రం కదిలించేసింది.

అలాంటి రోజుల్లో విజయనగరం నుంచి ఒక బీమా ఏజెంటు వచ్చాడు. నవ్వు మొహం, ఇస్త్రీ చొక్కా. భోజనాల వేళ చూసుకుని వచ్చి, నేను వడ్డించిన ఎండురొయ్యల వంకాయ కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు, దాంతో అతని మీద నాకు సగం మంచి అభిప్రాయం కలిగింది.

"మేస్త్రిగారూ, బండికి ఇన్సూరెన్సు కడతన్నారా?" అన్నాడు అన్నయ్యతో.

"కట్టకపోతే పోలీసోడు ఊరుకోడు కదేటి."

"మరి మీకో?"

"నన్ను ఏ పోలీసోడు ఆపుతాడు బాబూ?"

అందరూ నవ్వారు. ఏజెంటు కూడా నవ్వి, "స్టెప్నీ లాంటిదనుకోండి. పంచరు అవుతాదని కాదు, అయితే దారిలో నిలబడిపోకూడదని" అన్నాడు.

మా ఆయన విస్తరి మీంచి తలెత్తాడు. "సూడు బాబూ, నా స్టెప్నీ నా బండి కిందే ఉంటాది. మీ స్టెప్నీ విశాపట్నంలో ఉంటాది. పంచరైతే నాను ఫోన్ సెయ్యాల. మీరు తీరుబడిగా వచ్చి, ఇది పంచరేనా, మేకు ఎవుడు ఏసినాడు, మేకు మీద నువ్వెందుకు ఎక్కినావు అని అడగాల. ఈలోగా నాను రోడ్డు మీదే ముసిలోడినైపోతాను."

ఆ కుర్రాడు నవ్వేసి, ఇంకాస్త చారు పొయ్యమని విస్తరి నా వైపు జరిపాడు. అది నాకు గుర్తుండిపోయింది.

మా ఇద్దరికీ కలిపి ఏడాదికి అతను చెప్పిన డబ్బు నా రెండు నెలల వంట జీతం దాకా ఉంది. ఇంటి దగ్గర వంటగదికి రేకులు తీసి స్లాబు వేయించుకోవాలని నేను కూడబెడుతున్నాను. ఎండాకాలం షెడ్డులో రేకుల కింద వండి, ఇంటికొచ్చి మళ్ళీ రేకుల కిందే వండేదాన్ని, నేను ఉడికానో కూర ఉడికిందో తెలిసేది కాదు. రోగం రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. వస్తే మాత్రం ఇస్తారని ఎవరు చూశారు? మక్కువ ఊరి వైపు డ్రైవరు భార్య ఒకామె నా దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏళ్ళ తరబడి కట్టారట, తీరా భర్తకి గుండె నొప్పి వస్తే, ముందే ఉన్న జబ్బు దాచారని కంపెనీ పైసా ఇవ్వలేదట.

"నాకేటే? గుండ్రాయిలాగున్నాను. పుట్టినకాడి నుంచి మాత్తర మింగినోడిని కాదు" అన్నాడు మా ఆయన. నిజమే, ఎప్పుడో నడుం పట్టేస్తే కాస్త మందు రాసుకోవడం తప్ప ఆయన మంచాన పడి ఎరగడు. సరే, స్లాబుకే ఓటేశాను. బీమా వద్దనుకున్నాం.

అన్నయ్య మాత్రం మెత్తబడ్డాడు. ఆయన ఈడు డ్రైవరు ఒకడు ఆపరేషను కోసం బతుకుతెరువైన లారీనే అమ్ముకున్నాడు. అది చూశాక ఆయనకి లోపల భయం పట్టుకుంది. ఏజెంటుకి కబురు పెట్టాడు. వయసు ఎక్కువ కాబట్టి ముందు పరీక్షలు చేయించాలి, విజయనగరంలో ల్యాబుకి వెళ్ళి రక్తం, మూత్రం ఇచ్చి రావాలన్నాడు ఏజెంటు. పరీక్ష అనే మాట వినగానే మా అన్నయ్య మేస్త్రి బుర్ర ఎటు పోయిందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

ఆ వారం ఆయన నా అన్నం ముట్టలేదు. చోడి అంబలి, అదే రాగి జావ, తాగేవాడు, కాకరకాయ నమిలేవాడు. "వొళ్ళు వేడి సేసింది సెల్లీ" అనేవాడు. పోనీలే, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని సంబరపడ్డాను. వారం తర్వాత పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి ఈల వేసుకుంటూ వచ్చి, ఇద్దరు మనుషుల కూడు తిన్నాడు. అదే రోజు నా అల్లం పచ్చడి సీసా కనిపించలేదు. చిన్నది, మూత గట్టిది, ఎంత వంచినా చుక్క కారనిది. షెడ్డంతా వెతికాను, ఇంట్లో వెతికాను. కుర్రాళ్ళందరినీ అనుమానించి కోప్పడ్డాను. మా ఆయన మాత్రం, "సీసాయే కదే, పోతే పోనీ" అన్నాడు. పచ్చడి దగ్గర అంత ఉదారంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడైనా నాకు వెలగాల్సింది.

నాలుగైదు రోజులు గడిచాయి. భోజనాల వేళ. మా ఆయన స్టూలెక్కి ఒక లారీ తోక మీద రాస్తున్నాడు. అన్నయ్య బయటి నుంచి ఫోను చేత్తో పట్టుకునే వచ్చాడు. మొహం కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది. నేను విస్తరి వేస్తే చూడలేదు.

"బావా, కిందకి దిగు."

"అచ్చరం సగంలో ఉన్నాది బావా. రంగు కారిపోతాది."

"కారిపోనీ. దిగు."

మా ఆయన కుంచె పట్టుకునే దిగాడు. ల్యాబు డాక్టరూ, ఆ వెంటే ఏజెంటూ ఫోన్ చేశారని అన్నయ్య చెప్పాడు. అంబలీ కాకరకాయా ఏమీ పనిచేయలేదట. ఆ ఒక్క పూట షుగరే కాదు, వెనకటి మూడు నెలల సంగతీ చెప్పే రక్తపరీక్ష ఒకటి ఉందట, అందులో ఈయన బండారం బయటపడింది.

"షుగరు సంగతి కంపెనీ ఒప్పుకుంటాది, కాస్త ఎక్కువ కడితే సాలంటన్నాడు ఏజెంటు. అది కాదు. ఒంటేలు పరీచ్చలో రక్తం ఉన్నాదట. మూత్రపిండాలకేదో అయినాది, ఒక్క రోజు కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి ఎల్లిపొమ్మన్నాడు డాక్టరు."

"ఓలమ్మో!" అన్నాను నేను. చేతిలో గరిటె బానలో పడిపోయింది. "మరి నిలబడిపోనావేటి అన్నయ్యా? పద, ఎల్దాం!"

అన్నయ్య నా వైపు చూడలేదు. మా ఆయన వైపే చూస్తున్నాడు. "ఎల్లాల్సింది నాను కాదు సెల్లీ. ఆ ఒంటేలు నాది కాదు. మీ ఆయనది."

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నా నోట వచ్చిన మొదటి మాట, ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు, "నా పచ్చడి సీసా!" అని.

అదీ సంగతి. రక్తం ఎలాగూ సొంతదే ఇవ్వాలి, అందుకని అంబలి తాగాడు. మూత్రం మాత్రం షెడ్డులోకెల్లా గట్టి మనిషి దగ్గర, మాత్ర మింగి ఎరగని బావ దగ్గర, అరువు తీసుకున్నాడు. ఎఫ్.సి. కి టైర్లు తెచ్చుకున్నట్టే. నా సీసాలో పోసి, పేపరు చుట్టి, టిఫిను సంచిలో పెట్టుకుని విజయనగరం తీసుకెళ్ళి, అక్కడ బాత్రూములో వాళ్ళిచ్చిన డబ్బాలోకి వొంపాడు.

మా ఆయన ముందు పకపకా నవ్వాడు. "కొత్త టైరని తీసుకెళ్ళినావు, పంచరు టైరు అంటగట్టినానా బావా!" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది.

"నీకు తెలుసా?" అన్నాను. ఆయన కుంచె వైపు చూశాడు. "తెలుసా నేదా, సెప్పు."

"అప్పుడప్పుడూ ఎర్రగా వస్తన్నాది" అన్నాడు గొణిగినట్టు. "రెడ్ ఆక్సైడు అనుకున్నాను."

లారీ చాసిస్‌కి తుప్పు పట్టకుండా మొదట కొట్టే ఎర్రరంగు అది. దాన్ని ఎన్నో ఏళ్ళుగా కొడుతున్నాడు కాబట్టి, పీల్చింది పీల్చినట్టు లోపలికి వెళ్ళి అలా బయటికి వస్తోందని ఆయన అనుకున్నాడట. ఇంకెవరైనా ఎర్రగా చూస్తే రక్తం అనుకుంటారు. మా ఆయన రంగు అనుకున్నాడు. పైగా మంచి రంగే వస్తోందిలే అని ధైర్యం చెప్పుకున్నాడట. కోపం వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకే తెలియలేదు, ఆయన చేతిలో కుంచె లాక్కుని రంగు డబ్బాలో పడేశాను.

ఆ రోజు మా అన్నయ్య చేసిన పని గురించి ఇక్కడ ఆగి చెప్పాలి. ఏజెంటు ఆయనకి సులువైన దారే చూపించాడు. "ల్యాబువాళ్ళ పొరపాటేమో, రేపొచ్చి ఇంకోసారి ఇవ్వండి" అన్నాడట. అన్నయ్య ఈసారి సొంతది ఇచ్చి ఊరుకుంటే, ఆయన పని సాఫీగా అయిపోయేది. దొంగతనం బయటపడేది కాదు, షెడ్డు కుర్రాళ్ళ ముందు మేస్త్రి తల వంచాల్సిన పని ఉండేది కాదు. మా ఆయనకి మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. ఆ ఫోను పెట్టేసిన చోట నుంచి షెడ్డు దాకా నడుస్తున్నంతసేపూ ఏమాలోచించావని ఎన్నోసార్లు అడిగాను. "ఆలోసించడానికేటుంది? నువ్వు కూడెట్టిన సెయ్యి గుర్తొచ్చింది" అంటాడు. అంతకు మించి చెప్పడు.

వండిన కూడు వండినట్టే వదిలేసి ముగ్గురం విజయనగరం బస్సెక్కాం. అక్కడ ఆస్పత్రిలో డాక్టరమ్మ మా ఆయన్ని పడుకోబెట్టి స్కానింగు తీసింది.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అంది.

"నొప్పి కాదమ్మా. నడుం పట్టేత్తాది, అంతే. లారీ కింద దూరి నంబర్లు రాత్తాను కదా."

"నంబర్ల వల్ల కాదు" అందామె, తెర మా వైపు తిప్పుతూ. మూత్రపిండం నుంచి కిందికి దిగే గొట్టంలో రాయి ఒకటి అడ్డంగా కూర్చుంది. నీరు దిగక ఆ పక్క మూత్రపిండం ఉబ్బిపోయింది. "ఇది ఇంకొన్ని నెలలు ఇలాగే వదిలేసుంటే ఈ కిడ్నీ మీద ఆశ వదులుకోవాల్సి వచ్చేది. అసలు ఎలా తెలిసింది మీకు? ఎవరు పరీక్ష చేయించారు?"

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "మా బావ సేయించినాడండీ" అన్నాడు మా ఆయన గంభీరంగా. "నా ఆరోగ్యం మీద ఆయనకి చాలా శ్రద్ధ." అన్నయ్య గోడవైపు తిరిగి దగ్గాడు.

మర్నాడు కోత లేకుండా సన్న గొట్టం పంపి రాయి తీసేశారు. కిడ్నీ దక్కిందని డాక్టరమ్మ బయటికొచ్చి చెప్పింది. ఆమెకి దణ్ణం పెట్టి, వరండా బెంచీ మీద అన్నయ్య పక్కన కూర్చున్నాను. ఆయన తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "నా పరీచ్చ పోనాది గానీ సెల్లీ, బావ పరీచ్చ నెగ్గినాడు" అన్నాడు. పొద్దున్నుంచీ ఇద్దరం ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆస్పత్రి ఎదురుగా బండి మీద ఇడ్లీలు తిన్నాం. చట్నీ పులిసిపోయింది, నా జీవితంలో అంత రుచైన చట్నీ తినలేదు.

స్లాబు కోసం దాచిందంతా అక్కడ అయిపోయింది. చాలకపోతే వంకాయ రంగు కారు తుక్కు కింద అమ్మేశాం. ఆపరేషనుకి కూడా చెక్కు చెదరని మా ఆయన, కారుని గొలుసు కట్టి లాక్కుపోతుంటే కళ్ళు తుడుచుకున్నాడు. "ఒక్క రోజైనా తిరగనేదే" అన్నాడు.

ఆయన లేచి తిరుగుతున్నాక ఏజెంటు మళ్ళీ వచ్చాడు, సరిగ్గా భోజనాల వేళకే. ఈసారి ఆ నవ్వు మొహం నా వైపు తిప్పాడు. "ఇప్పుడైనా తీసుకోండమ్మా. కష్టం చూశారు కదా. ఒకటే మాట, కిడ్నీ సంగతి మనం ఎత్తొద్దు. ఎత్తితే ప్రీమియం పెరుగుతాది, దానికి సంబంధించిన రోగాలకి కొన్నేళ్ళ దాకా ఇవ్వమంటారు. చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తాది?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆయన కళ్ళలో ఆశ కనిపించింది. నాకూ కలగకపోలేదు, అబద్ధం ఎందుకు. ఉన్నది ఊడ్చుకుపోయింది, పెరిగిన డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? మక్కువ డ్రైవరు భార్య నా వంటింటి గుమ్మంలో కూర్చుని ఏడ్చిన ఏడుపు కూడా ఆ పక్కనే గుర్తొచ్చింది.

నేను నోరు తెరిచే లోపలే అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చాడు. "బాబూ, ఎఫ్.సి. కి మేం టైర్లు మారుత్తాం. ఇన్స్పెక్టరు పాసు సేత్తాడు. సాయంత్రం ఎవుడి టైర్లు ఆడికి ఎల్లిపోతాయి. ఆ తరవాత ఘాటీ ఎక్కాల్సింది ఏ టైర్లతోటి? అరిగిపోయిన మా టైర్లతోటే కదా. ఆ ఎక్కుడు మీద బండి జారితే ఇన్స్పెక్టరు వచ్చి పట్టుకుంటాడా? ఒకపాలి సేసినాను, సాలు. నా షుగరు సంగతి మొత్తం రాసుకో."

"మా ఆయనదీ రాసుకో" అన్నాను. "కిడ్నీ, ఆపరేషను, ఏ ఆస్పత్రో, అన్నీ. నా మోకాళ్ళ నొప్పులు కూడా రాసుకో."

"మోకాళ్ళు అక్కర్లేదమ్మా."

"రాసుకోమన్నాను."

నిజానికి నా పేరు పెట్టించుకోవాలని నాకు లేదు. ఆయనొక్కడికీ కడితే సగం డబ్బు మిగులుతుందని నా లెక్క. మా ఆయన ఒప్పుకోలేదు. "ఒసే, బండికి ఒక పక్క చక్రాలకే ఇన్సూరెన్సు కడతారేటి? కడితే ఇద్దరికీ కట్టు, నేకపోతే మానెయ్" అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, నేనూ మానేశాను.

అలా ఉన్నదున్నట్టు చెప్పి, పెరిగిన డబ్బు కట్టి బీమా తీసుకున్నాం. ఇక ఏమైందంటారా? ఏమీ కాలేదు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి, ఇంకా గడిచాయి. వయసుతో పాటు కట్టేదీ పెరుగుతోంది. స్లాబు ఊసే లేదు. కట్టినప్పుడల్లా మా ఆయన ఇంటికొచ్చి, "ఈ ఏడూ దండగే" అని ప్రకటించి మంచినీళ్ళు తాగేవాడు. ఆయన మూత్రపిండానికి మళ్ళీ జలుబు కూడా చేయలేదు. నేను వంట మానేసిన ఏడాది చేతిలో డబ్బాడక, ఇక చాలు, ఆపేద్దామా అని గట్టిగానే అనుకున్నాం. ఆపితే ఇన్నాళ్ళు కట్టిందీ పోతుంది, మళ్ళీ కొత్తగా తీసుకుంటే ఆగాల్సిన ఏళ్ళన్నీ మొదటి నుంచి ఆగాలి. పళ్ళు బిగించి కట్టాం. ఆ ఏడూ దండగే.

ఆ మరుసటి ఏడాది, ఇక్కడికి వచ్చాక, వానాకాలంలో నాకు కడుపులో కుడిపక్క నొప్పి పట్టుకుంది. మొదట గ్యాసు అనుకున్నాను. వాము నమిలాను. తగ్గలేదు. నేను కూడా ఆయనలాగే రంగు కథలు చెప్పుకుంటున్నానేమో అనిపించి ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాను. పిత్తాశయంలో రాళ్ళట, తీసెయ్యాలన్నారు. శ్రీకాకుళంలోనే చేర్చారు. బీమా కాగితాలు చూసే అమ్మాయి మంచం దగ్గరకొచ్చి పాత జబ్బులన్నీ అడిగింది. కంపెనీవాళ్ళు ఫోన్లో ఆమెని, ఆమె మమ్మల్ని, మళ్ళీ వాళ్ళు ఆమెని. వాళ్ళు అడిగే ప్రతి ప్రశ్నకీ జవాబు ముందే రాసి ఉంది. దాచింది లేదు కాబట్టి తడబడేందుకూ లేదు. అయినా నాకు భయం పోలేదు. ఇవ్వనంటే ఏం చేయాలి? అమ్మడానికి ఇప్పుడు కదలని కారు కూడా లేదు.

సాయంత్రం ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "వచ్చేసిందమ్మా. ఒప్పుకున్నారు. గ్లౌజులకీ దూదికీ మాత్రం ఇవ్వరు, అవి మీరే కట్టుకోవాలి."

నేను కళ్ళు మూసుకుని దిండు మీద తల వాల్చాను. అంత తేలిగ్గా తల ఎప్పుడూ వాల్చలేదు. మా ఆయన మాత్రం ఆమె వెంటపడ్డాడు.

"దూదికి ఇవ్వరేటి?"

"ఇవ్వరు తాతగారూ. మిగతాదంతా ఇచ్చారు కదా."

"అదే నానూ అంటన్నాను పాపా! అంతిచ్చినోడికి దూది బరువైపోనాదేటి?"

వార్డులో పక్క మంచం ఆవిడ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది, నొప్పి పెట్టింది, మళ్ళీ నవ్వొచ్చింది. ఆయన పేరుతో, ఆయన కిడ్నీ భయంతో తీసుకున్న బీమా ఆయనకి ఒక్కనాడూ పనికిరాలేదు. వద్దు వద్దన్న నాకు పనికొచ్చింది.

ఆపరేషను అయ్యాక అన్నయ్య సాలూరు నుంచి ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయనా షెడ్డు మానేశాడు, షుగరు ఉందని కూడా ఒప్పుకుంటున్నాడు.

"సెల్లీ, పాసైనావా?"

"పాసైనాను అన్నయ్యా. సొంత టైర్లతోటే."

అటువైపు ఆయన పకపకా నవ్వాడు. తర్వాత, "నీ పచ్చడి సీసా ఇంకా నా దగ్గరే ఉన్నాది. పంపించమంటావా?" అన్నాడు. వద్దన్నాను.

ఇదీ నాకు తెలిసింది. దండగా కాదా అంటే నేనేం చెప్పను? కట్టిన ఏళ్ళన్నిట్లోనూ దండగే, ఒక్క సాయంత్రం తప్ప. సర్కారు కార్డు ఉన్నవాళ్ళు దాన్ని కళ్ళకద్దుకుని జాగ్రత్త చేసుకోండి, రంగు బావుందని తుక్కు కార్లు కొనకండి. లేనివాళ్ళు కట్టగలిగితే కట్టండి, పిల్లల నోటి దగ్గరిది తీసి మాత్రం కట్టకండి. కట్టేటప్పుడు మీ ఒంట్లో ఏముందో అంతా చెప్పండి, ఎవరు వద్దన్నా సరే. చెప్పాలంటే ముందు మీకు తెలియాలి కాబట్టి, అసలు అందుకోసమైనా ఒకసారి పరీక్ష చేయించుకోండి. మా కిడ్నీని నిలబెట్టింది బీమా కాదు, బీమా కోసం జరిగిన పరీక్ష. అదీ అరువు పరీక్ష.

ఈనెలు అయిపోయాయా? ఇలా ఇవ్వండి, కూర పొయ్యి మీద పెడతాను. వెళ్ళేముందు ఈ ముసలిదాని దీవెన కూడా పట్టుకెళ్ళండి. మీ ఇంట్లో పొయ్యి ఆరకూడదు, మీ పిల్లాపాపా ఆస్పత్రి గుమ్మం మొహం చూడకూడదు. ఏటేటా బీమా కట్టి ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగుతూ, "ఈ ఏడూ దండగే" అని మీ ఆలుమగలిద్దరూ నూరేళ్ళు సణుక్కుంటూనే ఉండాలి.